నాకే రాని మనోధర్మం పిల్లలకెలా నేర్పను?

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే పిల్లలకు కర్ణాటక గాత్రం చెబుతాను. డిప్లొమా చేశాను. కీర్తనలు బాగానే వచ్చు, నొటేషన్ ఇస్తే ఏదైనా పాడగలను. కానీ మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా పాడటం, నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు: తాళం లేకుండా రాగాన్ని పెంచే ఆలాపన, కీర్తనలో ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్, సరిగమలతో అల్లే కల్పనస్వరాలు. పరీక్షకని నాలుగు ఆవర్తనాల, అంటే నాలుగు తాళం చుట్ల, స్వరాలు రాసిచ్చారు, బట్టీపట్టి పాడేశాను. ఇప్పుడు నా పిల్లలకూ అలాగే రాసిస్తున్నాను. ఈమధ్య తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయొకతె గుంటూరులో ఒక పోటీకి వెళ్లింది. స్వరాలు పాడాక న్యాయనిర్ణేత "ఇంకొక్క ఆవర్తనం పాడమ్మా" అన్నారట. పిల్లకి నోరు పెగల్లేదు. వచ్చి, "నేను సొంతంగా పాడేది ఎప్పుడు నేర్పుతారు టీచర్?" అంది. నాకే రానిది ఎలా నేర్పను? అది పుట్టుకతో రావాలంటారు, నిజమేనా? వాళ్ల అమ్మానాన్నలేమో రిస్క్ వద్దు, రాసిచ్చినవే బాగున్నాయంటున్నారు. ఆ పిల్ల కీబోర్డు కూడా గ్రేడ్ పరీక్షలకు నేర్చుకుంటోంది. వెస్టర్న్ క్లాసికల్‌లో ఈ గొడవే లేదు, కాగితం మీద ఉన్నది వాయిస్తే చాలని ఆ కీబోర్డు మాస్టారు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: వచ్చే క్లాసులోనే మొదలుపెట్టండి. మీకు పూర్తిగా వచ్చాక చెబుదామని ఆగితే ఆ పిల్ల ఇంటర్‌లో చేరిపోతుంది, ఇక ఆ రెండేళ్లు పాట ఎలా సాగుతుందో విజయవాడలో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు.

పుట్టుకతో రావాలన్న మాట నేను ఒప్పుకోను. గొప్ప మనోధర్మం అందరికీ రాకపోవచ్చు. కానీ తెలిసిన రాగంలో, తెలిసిన తాళంలో రెండు ఆవర్తనాలు సొంతంగా పాడటం నేర్పితే వచ్చే విద్యే. పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కాలంలో వేంకటమఖి చతుర్దండీప్రకాశిక రాశాడు. ఆలాపం, ఠాయం, గీతం, ప్రబంధం అని సంగీతానికి నాలుగు దండాలు చెప్పాడు. చివరి రెండూ కట్టిన రచనలు, మొదటి రెండూ రాగాన్ని విస్తరించే పద్ధతులు. అంటే పాటగాడి విద్యలో సగం రాగాన్ని పెంచి పాడటమే. ఆ ఠాయం ఎలా చేయాలో కూడా ఆయన క్రమం చెప్పాడు. ఒక స్వరాన్ని నిలుపుగా పెట్టుకోవాలి, దాని పైకి కొన్ని ప్రయోగాలు (స్వరాల అల్లికలు), కిందకి కొన్ని ప్రయోగాలు కట్టాలి, చివరికి షడ్జానికి చేరాలి. పుట్టుకతో వచ్చేదైతే ఇంత క్రమం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మన దగ్గర మనోధర్మం కచేరీలోంచి పోలేదు. చెన్నైలో పల్లవులకే ప్రత్యేకించిన ఉత్సవాలు జరుగుతున్నాయి, కుర్ర గాయకులు మనోధర్మమే ప్రధానమైన రాగం తానం పల్లవి గంటసేపు పాడుతున్నారు. అది పోయింది మన క్లాసుల్లోంచి. పాతరోజుల్లో శిష్యుడు గురువు ఇంట్లో ఉండేవాడు. ఆయన పొద్దున్నే తోడి పాడుకుంటుంటే తంబురా మీటుతూ వినేవాడు. కచేరీలో వెనక కూర్చుని, గురువు గారు కాస్త ఆగి కనుసైగ చేస్తే ఒక ప్రయోగం అందుకునేవాడు. ఎవరూ దాన్ని పాఠంగా చెప్పకపోయినా చెవిన పడుతూనే ఉండేది. వారానికి రెండు క్లాసులు, ఒక్కొక్కటి గంట, అందులో ఆరుగురు పిల్లలు. ఈ పద్ధతిలోకి వచ్చేసరికి కీర్తన మాత్రమే మిగిలింది, ఎందుకంటే కీర్తనను కాగితం మీద పెట్టి అప్పగించవచ్చు, పరీక్షలో మార్కులు వేయవచ్చు. మీ టీచర్లు మీకు ద్రోహం చేయలేదు, వాళ్లకిచ్చిన టైము అంత.

అలాగని నొటేషన్‌ను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మన తెలుగునాట మనోధర్మానికి పెద్ద దిక్కు శ్రీపాద పినాకపాణి గారు. వృత్తిరీత్యా డాక్టరు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. వందల కృతులకు గమకంతో (స్వరాన్ని ఊపే తీరుతో) సహా నొటేషన్ రాసిందీ ఆయనే. రాయడం, సొంతంగా పాడటం ఒకే మనిషిలో హాయిగా ఇమిడాయి. పాడకముందే రాసిస్తేనే చిక్కు. మీ క్లాసులో ఈ ఒక్క నియమం పెట్టండి: కల్పనస్వరం ముందు రాయకూడదు, కావాలంటే పాడాక రాసుకోవచ్చు. ఫోన్‌లో రికార్డు చేసుకుని, బాగా వచ్చిన ముక్కను పిల్లే తన పుస్తకంలో ఎక్కించుకుంటే అది ఆమె సొత్తు.

ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. కొంచెం వివరంగానే చెబుతాను, మీరు అడిగింది ఇదే కదా.

ఒకే రాగం తీసుకోండి, మోహన అనుకుందాం. ఐదే స్వరాలు, పిల్లలకు వర్ణం వచ్చి ఉంటుంది, రెండు మూడు కృతులూ వచ్చి ఉంటాయి. శహాన, యదుకులకాంభోజి లాంటివి ఇప్పుడు ముట్టుకోవద్దు. అవి స్వరాల వరసలో కాక ప్రయోగాల్లో బతికే రాగాలు, చాలా కృతులు పాడి పాడి నోటికి పట్టాల్సినవి. తాళం ఆది, ఎనిమిది క్రియలది (క్రియ అంటే చేత్తో వేసే ఒక లెక్క). పంక్తి సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీదే, ఎత్తుకునే కీర్తన కావాలి. ఆ పంక్తి గాంధారంతో మొదలవుతోందని అనుకోండి. పిల్ల ఆవర్తనం మొత్తం పాడక్కర్లేదు. ఏడు క్రియలు ఊరికే తాళం వేస్తుంది, ఎనిమిదో క్రియలో నాలుగంటే నాలుగు స్వరాలు పాడి పంక్తి అందుకుంటుంది. "గ రి స రి" అనొచ్చు, "స ద స రి" అనొచ్చు. పైనుంచి దిగాలంటే "ద స ద ప". గాంధారానికి పక్కనున్న రిషభం మీదో పంచమం మీదో ఆగితే పంక్తి దానంతటదే అతుక్కుంటుంది. ఈ అతుకు చెవికి తెలియడమే మొదటి పాఠం. క్లాసులో ఆరుగురుంటే ఆరుగురూ వరసగా, తాళం ఆపకుండా, ఒకరు పాడింది ఇంకొకరు పాడకుండా. మీరు కూడా ఆ వరసలోనే కూర్చోండి.

అది నవ్వుతూ పాడేదాకా వచ్చాక చివరి రెండు క్రియలు, తర్వాత నాలుగు, తర్వాత పూర్తి ఆవర్తనం. క్రియకు నాలుగు లెక్కన అప్పటికి 32 స్వరాలవుతాయి. తొందరేం లేదు. ఎనిమిది స్వరాల దగ్గరే రెండు నెలలు ఉన్నా నష్టం లేదు. ఈ దశలో లెక్కలు, ముక్తాయిలు (లెక్క కట్టి ముగించే స్వరాల గుత్తులు) పెట్టొద్దు. పిల్లలకు లెక్క సరదాగా ఉంటుంది, అమ్మానాన్నలు చప్పట్లు కొడతారు, దాంతో రాగం పక్కకి పోతుంది. సర్వలఘువుగా, నడకతో, స్వరాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేలా పాడితే చాలు. వోలేటి వారి స్వరకల్పన వినిపించండి. ఆయన మన విజయవాడ ఆకాశవాణిలోనే పనిచేశారు, ఆ కేంద్రం రికార్డింగులు ఇప్పుడు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతున్నాయి. ఒకే గాయకుడు ఒకే రాగం పాడినవి రెండు వేర్వేరు రికార్డింగులు పక్కపక్కన పెట్టి వినిపిస్తే ఇంకా మంచిది. రెండుసార్లూ వచ్చిన ప్రయోగాలేవి, ఒక్కసారే వచ్చినవేవి అని పిల్లల్నే పట్టుకోమనండి. పెద్దవాళ్లు కూడా ప్రతిసారీ అంతా కొత్తగా పాడరని, చేతిలో ఉన్న వంద ముక్కల్ని కొత్త వరసలో పేరుస్తారని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది. భయం సగం అక్కడే పోతుంది.

ఆలాపనకు దారి మీ దగ్గరే ఉంది. వచ్చిన కీర్తనలోంచి సాహిత్యం తీసేయండి, తాళం తీసేయండి, మిగిలిన దాన్ని "తదరినన" అంటూ, అకారంలో నెమ్మదిగా పాడండి. అది ఆలాపనే. మూడు కీర్తనల్లోంచి మూడు మొదళ్లు, నాలుగు ముగింపులు తీసి కలిపితే రెండు నిమిషాల ఆలాపన వస్తుంది, అందులో ఒక్క ప్రయోగం కూడా రాగానికి బయట ఉండదు. త్యాగరాజస్వామి కృతుల్లో సంగతులు చూడండి. ఒకే పంక్తి నాలుగోసారి, ఐదోసారి ఎలా పెరుగుతుందో అదంతా గట్టిపడిన మనోధర్మం. పిల్లలు ఏళ్లుగా సంగతులు పాడుతూనే ఉన్నారు, అది ఎవరో ఒకరు ఆలోచించి విస్తరించిన పని అని మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మీకు ఇంకా సామగ్రి కావాలంటే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఉంది. తెలుగు లిపిలోనే ఉంది, అది మన అదృష్టం. రాగ లక్షణం, కృతులు ఇచ్చాక సంచారి (రాగం నడకను చూపే స్వరరచన) కూడా ఇస్తారు. ఆ సంచారిని అకారంలో పాడుకుంటే రాగం ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు అన్నది తెలుస్తుంది.

ఇంకో దారి మన ప్రాంతానిది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం చూడని ఊరు ఒకప్పుడు లేదు. తెనాలి వైపు ఇప్పటికీ ఆ గాలి ఉంది. నటుడు పద్యం ఎత్తుకుంటాడు, తాళం లేదు, ఆఖరి పాదం దగ్గర రాగం తీస్తాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడతాడు, రెండోసారి ఇంకోలా పాడతాడు. సంగీతం చదువుకున్నవాళ్లు ఈ రాగాలాపనను కొంత చిన్నచూపు చూశారు, అది నాకు బాధ. మీ పిల్లలందరికీ స్కూల్లో నేర్చిన పోతన పద్యం ఒకటైనా వచ్చు. దాన్నే మోహనలో పాడమనండి. తాళం భయం లేదు, మాట తెలుసు, అర్థం తెలుసు. పాదం చివర అక్షరం మీద నిలబడి ఒక చిన్న ప్రయోగం, తర్వాతి పాదం. మరుసటి వారం అదే పద్యం కల్యాణిలో. ఆలాపన అంటే నోరు మూసుకునే పిల్లలు పద్యం అనేసరికి గొంతు విప్పుతారు.

నెరవల్ చివరికి పెట్టుకోండి. అన్నిటికన్నా అది కష్టం, కానీ తెలుగు పిల్లలకు అందులో ఒక సౌకర్యం ఉంది. "నిధి చాల సుఖమా"లో నెరవల్ మామూలుగా చేసే పంక్తి "మమతా బంధన యుత నరస్తుతి సుఖమా". చెన్నైలో ఒక తమిళ విద్యార్థి ఆ పంక్తి అర్థం అడిగి తెలుసుకోవాలి, మన పిల్లకి కాస్త విప్పి చెబితే చాలు. ముందు పాడించకండి, ఆ పంక్తిని మామూలుగా పలకమనండి. "నరస్తుతి" మీద బరువు పెట్టి ఒకసారి, "సుఖమా" అని అడుగుతున్నట్టు ఒకసారి. తాళంలో అక్షరాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంచి, ఆ బరువును రాగంలోకి తెస్తే నెరవల్ అవుతుంది. మాటను ముక్కలు చేసి అర్థం పాడుచేసే నెరవల్ పెద్ద కచేరీల్లోనూ వింటుంటాం. మీ పిల్లలకు మొదటి రోజునుంచే ఆ అలవాటు పడనివ్వకండి.

పిల్లలు తప్పు పాడతారు. మోహనలో మధ్యమం దొర్లుతుంది, నిషాదం దొర్లుతుంది. ఆవర్తనం మధ్యలో ఆపకండి. పూర్తయ్యాక, "ఎక్కడో ఒకచోట పక్కరాగం వచ్చింది, ఎక్కడో చెప్పు" అని అడగండి. తనే పట్టుకుంటే మళ్లీ పడదు. మీరు పట్టిచ్చిన ప్రతిసారీ ఇంకోసారి నోరు తెరవడానికి జంకుతుంది.

ఇక మీ సంగతి. మీకు రాదని పిల్లలకు చెప్పడానికి మొహమాటపడకండి. "నాకూ ఇది కొత్తే, కలిసి చేద్దాం" అనండి. కీర్తనలో మీరు వాళ్లకన్నా ఎంతో ముందున్నారు కాబట్టి మీ గౌరవం ఎక్కడికీ పోదు. మనకు అవధానం తెలుసు కదా, కొప్పరపు కవులు పుట్టింది నరసరావుపేట పక్కనే. అవధాని సమస్యను అక్కడికక్కడ పూరిస్తాడంటే ఆయన నోట్లో వేల పద్యాలు ఉన్నాయి, ఛందస్సు ఊపిరిలో ఉంది. మీ దగ్గర ఆ రెండూ ఉన్నాయి, కృతులూ తాళమూ. పృచ్ఛకుడి ముందు ఎప్పుడూ కూర్చోలేదు, అంతే తేడా. ఆ కూర్చోవడం కోసం నెలకు ఒకటి రెండుసార్లయినా ఒక మృదంగం వాయించేవారినీ, ఒక వయొలిన్ విద్యార్థినీ మీ క్లాసుకు పిలవండి. మన ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో అలాంటి పిల్లలు ఉంటారు, వాళ్లకూ పక్కవాద్యం ప్రాక్టీసు కావాలి. ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణ గారు. మనోధర్మంలో అంత స్వేచ్ఛ తీసుకున్న మనిషి ఇంకొకరు లేరు. అక్కడ పాఠం చెప్పే సీనియర్లు ఎవరినైనా కలిసి, నెలకోసారి నేను పాడితే విని సరిదిద్దండని అడగండి. పాఠం చెప్పమని కాదు, వినమని. చాలామంది ఒప్పుకుంటారు.

అమ్మానాన్నల రిస్క్ మాట. పోటీల్లో రాసుకొచ్చిన స్వరాలను వినే చెవి ఉన్నవాళ్లు మొదటి ఆవర్తనంలోనే పట్టేస్తారు. మీ పిల్లకు జరిగింది అదే. ఆ న్యాయనిర్ణేత అడిగిన తీరు కాస్త కటువుగా అనిపించి ఉండొచ్చు, ప్రశ్న మాత్రం సరైనదే. ముందుముందు ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లినా మనోధర్మం చూస్తారు. అందాకా ఒక పని చేయండి: స్వరాలు తప్పనిసరి కాని పోటీల్లో కీర్తన మాత్రమే శుభ్రంగా పాడించండి. బట్టీ స్వరాలకన్నా స్వరాలు లేని కీర్తన నయం. ఈ మాట తల్లిదండ్రులకు అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో మార్కులూ పోవు.

కీబోర్డు మాస్టారు చెప్పిన మాట ఇవాళ్టికి చాలావరకు నిజం, నిన్నటికి కాదు. జర్మన్ సంగీతకర్త బాక్ 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఇచ్చిన ఇతివృత్తం మీద అప్పటికప్పుడు మూడు గొంతుకల ఫ్యూగ్ (ఒకే వరసను గొంతుకలు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) వాయించాడు. 1781 డిసెంబరులో వియన్నాలో చక్రవర్తి ముందు మొజార్ట్‌కూ క్లెమెంటీకీ పోటీ పెడితే అందులో ఆశువుగా వాయించడమూ ఉంది. కన్చెర్టోలో (ఆర్కెస్ట్రాతో ఒక వాద్యం ముఖ్యంగా వాయించే రచనలో) కడెన్జా అన్న చోటును రచయితలు ఖాళీ వదిలేవాళ్లు, వాయించేవాడు తనది నింపాలి. పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ రచనకు పవిత్రత పెరిగింది, కడెన్జాలు కూడా రాసిపెట్టేశారు, కన్సర్వేటరీల్లో ఉన్నది ఉన్నట్టు వాయించడమే విద్య అయింది. చర్చి ఆర్గాన్ వాయించేవాళ్లు, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో, ఆ కళను వదల్లేదు. ఇప్పుడు మళ్లీ పియానోలోకి వస్తోంది. పియానిస్టు రాబర్ట్ లెవిన్ మొజార్ట్ కన్చెర్టోల్లో కడెన్జాలు అప్పటికప్పుడు కడతాడు. వెనెజులా పియానిస్టు గాబ్రియేలా మొంటేరో సభలోనివాళ్లు పాడి వినిపించిన వరస మీద వాయిస్తుంది.

మీకు ఎక్కువ పనికొచ్చేది నేపుల్స్ కథ. అక్కడి కన్సర్వేటరీలు అనాథ పిల్లల ఆశ్రమాలుగా మొదలయ్యాయి. వాళ్లకి పార్తిమెంతో అనే అభ్యాసం ఉండేది. కింది స్వరాల వరస ఒక్కటే రాసి ఇచ్చేవాళ్లు, పైన ఏం రావాలో పిల్లవాడు కీబోర్డు మీద తనే నింపాలి. రోజూ అదే పని. ఏ ఇంటి పిల్లలో తెలియని వాళ్లలోంచి పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ అంతటికీ సంగీతకారులు వెళ్లారు. పరిశోధకులు ఈమధ్య ఆ పాత పుస్తకాలను వెలికితీశారు, కొన్ని సంగీత కళాశాలల్లో ఆ పద్ధతిని మళ్లీ పాఠంగా పెడుతున్నారు. మనోధర్మం పుట్టుకతోనే రావాలని మీతో అన్నవాళ్లకి ఈ సంగతి చెప్పండి. మీ పిల్ల లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్ పరీక్షలకు వెళుతుంటే, ముఖాముఖి పరీక్షలో ఇంప్రొవైజేషన్ కూడా ఎంచుకునే అంశంగా ఉంటుంది, సిలబస్‌లో చూడమనండి. ఇక్కడ మోహనలో నాలుగు స్వరాలు పాడే పిల్ల అక్కడ కూడా జంకదు.

పుష్య బహుళ పంచమికి మన ఊళ్లో చాలాచోట్ల త్యాగరాజ ఆరాధన చేస్తారు. పంచరత్నాలయ్యాక ఒక్కొక్కరికి ఒక కీర్తన పాడే అవకాశం ఇస్తారు. మార్కులు లేవు, బహుమతి లేదు, వింటున్నవాళ్లు మనవాళ్లే. ఈసారి ఆ అమ్మాయి పేరు ఇవ్వండి. కీర్తన పాడి చివర ఒకటి రెండు ఆవర్తనాల స్వరం, ఎనిమిదేసి స్వరాలైనా సరే, రాయనివి. వయొలిన్ మీద కూర్చున్నవారికి ముందే ఒక మాట చెప్పండి, పిల్ల కొత్తగా మొదలుపెట్టింది, జవాబు చిన్నగా ఇవ్వండని. ఆ తర్వాతి కీర్తన మీరు పాడండి, మీరు కూడా రాయని స్వరంతోనే.